ఒంటిచేత్తో గెలవాల్సిన కోట

రత్నమాల వీడియో గేములు ఆడదు. వాటి గురించి రాస్తుంది.

పంజాగుట్ట చౌరస్తాకి దగ్గర్లో, కింద చెప్పుల షోరూము, మధ్యలో పళ్ల డాక్టరు ఉన్న బిల్డింగు పై అంతస్తులో ఆమె ఆఫీసు. ఆన్‌లైన్లో గేములు అమ్మే ఒక స్టోరు తన తెలుగు పనంతా అక్కడ చేయిస్తుంది. ఎక్కడో తయారైన గేమ్ గురించి ఇంగ్లిష్‌లో ఒక పేరా వస్తుంది. చూసేవాడి వేలు 'కొనండి' అన్న బటన్ మీదికి దానంతటదే పోయేట్టు దాన్ని తెలుగులో రాయాలి. 'మరపురాని సాహసానికి సిద్ధం కండి.' 'చీకటి రాజ్యం మిమ్మల్ని పిలుస్తోంది.' ఇలాంటి వాక్యాలు ఆమె కళ్లు మూసుకుని రాయగలదు. భోజనాల తర్వాత కొన్నిసార్లు నిజంగానే కళ్లు మూతలు పడుతుండగా రాసేది.

ఈ పనికి ఆమె కావాలని రాలేదు. ఆ మాటకొస్తే ఏ పనికీ కావాలని వెళ్లలేదు. తణుకులో డిగ్రీ అయ్యాక కంప్యూటర్ కోర్సు కోసం అమీర్‌పేట వచ్చింది. బస్సు దిగగానే చేతిలో పడ్డ కరపత్రాల్లో దేన్ని నమ్మాలో తెలీక, అన్నిటికన్నా పెద్ద అక్షరాలున్నదాన్ని నమ్మింది. తీరా కోర్సు పూర్తయ్యేసరికి ఆ సాఫ్ట్‌వేరును ఎవరూ వాడటం లేదు. ఆ సంగతి ఇంటికెళ్లి చెప్పే మొహం లేక హాస్టల్లోనే ఉండిపోయి, డీటీపీ సెంటర్లో శుభలేఖలు కొట్టింది. ఆ తర్వాత యూసుఫ్‌గూడలో ఒక డబ్బింగ్ స్టూడియోలో కార్టూన్లకు తెలుగు మాటలు రాసింది. స్టూడియో మూతపడితే ఇక్కడ తేలింది. మధ్యలో జోగారావుతో పెళ్లయింది. ఆయన మందుల గోడౌన్లో స్టాకు చూస్తాడు. సాయంత్రానికి ఇద్దరికీ నడుములు పట్టేసి ఉంటాయి. ఒకరు కుక్కర్ పెడితే ఒకరు కూర తరుగుతారు. మాట్లాడుకోరు. చూసినవాళ్లు అలిగారనుకుంటారు గానీ, అది అలక కాదు, ఓపిక లేకపోవడం.

ఆఫీసులో ఆమెపైన మేనేజరు అభిలాష్. వయసులో బాగా చిన్నవాడు, మర్యాదస్తుడు. మొదటిరోజే ఆమెకి ఒక సూత్రం చెప్పాడు.

"మేడం, గేమ్‌లో ఏముందో చెప్పకండి. ఆడితే ఎలా ఉంటుందో చెప్పండి. జనం కొనేది వస్తువుని కాదు, ఊహని."

ఆమె తలూపింది. ఊహలు రాయడం కార్టూన్ల నుంచీ అలవాటే.

'వజ్రదుర్గం' అనే గేమ్ గురించి రాసినప్పుడు కూడా అంతే. కథానాయకుడు ఏ సైన్యమూ లేకుండా శత్రువు కోటలోకి చొరబడతాడు. ఇంగ్లిష్‌లో ఆ ముక్క చప్పగా ఉంది. రత్నమాల దాన్ని, 'ఒంటిచేత్తో కోటను జయించండి!' అని రాసింది. అభిలాష్ చూసి బొటనవేలు ఎత్తాడు. ఆ వాక్యాన్ని బొమ్మ పక్కనే పెద్ద అక్షరాల్లో పెట్టారు. ఆమె ఆ సంగతే మర్చిపోయింది.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం, కస్టమర్ల ఫోన్లు తీసే మానస ఆమె బల్ల దగ్గరికొచ్చింది.

"మేడం, ఒకాయన అదే పనిగా ఫోన్ చేస్తున్నాడు. నేనేం చెప్పినా వినడంలేదు. రాసినోళ్లతోనే మాట్లాడతానంటున్నాడు. కొంచెం మీరు చెప్తారా?"

"నేనేం చెప్తానే? నాకు గేముల గురించి ఏం తెలుసు?"

"తిట్టట్లేదు మేడం. తిట్టేవాళ్లయితే నేనే చూసుకుంటాను."

రత్నమాల నిట్టూర్చి ఫోన్ అందుకుంది. అవతల పెద్దవయసు గొంతు. మాట కొంచెం ముద్దగా వస్తోంది.

"గా వజ్రదుర్గం ఆట గురించి రాసింది మీరేనా మేడం?"

"అవునండీ, నేనే. ఏంటి సమస్య?"

"ఒంటిచేత్తోని కోట గెలవొచ్చని రాసిండ్రు గద. అది సూసే కొన్నం."

"అవునండీ..."

"నాకు ఒక్క చెయ్యే పని చేస్తది మేడం."

వెనక మానస ఇంకో ఫోన్లో ఎవరికో పాస్‌వర్డ్ మార్చుకోవడం చెబుతోంది.

ఆయన పేరు రాజనర్సయ్య. బల్కంపేటలో ఉంటాడు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి చచ్చుబడింది. గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాడని కూతురు తన ఆఫీసులో ఎవరిదో పాత గేమ్ బాక్సు కొనుక్కొచ్చి టీవీకి తగిలించింది. నాన్నకి పనికొచ్చే ఆట ఏదని వెతుకుతుంటే, ఈ 'ఒంటిచేత్తో' అన్న మాట కనబడింది. తండ్రీకూతుళ్లు ఇద్దరూ సంబరపడి కొనేశారు.

"తీరా సూస్తే ఎడమ చేత్తోని మనిషిని నడిపియ్యాలె, కుడిచేత్తోని ఎగరాలె, కత్తి తిప్పాలె. రెండూ ఒక్కసారే చెయ్యాలె. ఎట్ల అయితది మేడం?"

"అయ్యో... వెంటనే వాపసు పెట్టాల్సిందండీ. కొంచెంసేపే ఆడి ఉంటే తీసుకుంటారు."

"గదే కదా మేడం. తప్పు నాదేమో, నాకే సాతనైతలేదేమో అనుకున్న. గా రిమోట్ లాంటిదాన్ని మోకాళ్ల సందున ఇరికిచ్చి సూసిన, గదవకింద పెట్టి సూసిన. గట్ల మస్తు సేపు ఆడిన. ఇప్పుడు ఎక్కువసేపు ఆడినవు, వాపసు లేదంటున్నరు."

ఆమె, కనుక్కుంటానండీ అంది. ఆయన "జర సూడుండ్రి" అని పెట్టేశాడు. ఆ గొంతులో కోపం ఉన్నా బాగుండేదనిపించింది ఆమెకి.

అభిలాష్ అంతా విన్నాడు. పాపం అన్నాడు. వాపసు నిబంధన మాత్రం తన చేతిలో లేదన్నాడు.

"అయినా మేడం, తెలుగొచ్చిన వాళ్లెవరైనా ఒంటిచేత్తో అంటే ఎవరి సాయం లేకుండా అనే కదా అనుకుంటారు. అందులో మన తప్పేముంది?"

"రెండు చేతులూ ఆడేవాళ్లు అలా అనుకుంటారండీ."

అతను ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, మళ్లీ కంప్యూటర్‌వైపు తిరిగాడు. "పై వాళ్లకి మెయిల్ పెడతాను. హామీ ఇవ్వలేను మేడం."

ఆ సాయంత్రం ఆమె వజ్రదుర్గం పేజీ తెరిచి, కొనే మనిషిలా మొదటినుంచి చివరిదాకా చదివింది. ఊపిరి బిగబట్టమని ఉంది. రక్తం మరిగిపోతుందని ఉంది. రెండు చేతులూ కావాలని ఎక్కడా లేదు. గేమ్‌లో మాటలన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయని లేదు. పేజీ అంతా తెలుగులో చదివినవాడు లోపల కూడా తెలుగే ఉంటుందనుకోడా? పాత పేజీలు కూడా కొన్ని తీసింది. పేరూ బొమ్మా చెయ్యి అడ్డం పెట్టుకుని చదివితే, ఏది కారు పందెమో ఏది రాక్షసుల యుద్ధమో రాసిన మనిషికే పోల్చుకోవడం కష్టమైంది. అన్నీ మరపురాని సాహసాలే. ఆమెకి ఒక్కటీ గుర్తులేదు.

మర్నాడు ఆమే ఫోన్ చేసింది. పై వాళ్లు ఒప్పుకోలేదని, వాపసు రాదని చెప్పింది. రాజనర్సయ్య పెద్దగా ఆశ్చర్యపోలేదు.

"పోనీ తియ్యిండ్రి మేడం. నిజంగ ఒక్క చేత్తోని ఆడే ఆట ఏదన్నా ఉంటే అది చెప్పుండ్రి."

"కనుక్కుని చెప్తానండీ" అంది గానీ, ఎవర్ని కనుక్కోవాలో ఆమెకి తెలీలేదు. ఆఫీసులో కుర్రాళ్లని అడిగితే తలా ఒకటి చెప్పి, అంతలోనే "కాదు కాదు, దానికీ రెండు కావాలి" అన్నారు. తమ చేతులు ఏం చేస్తాయో వాళ్లెప్పుడూ గమనించుకోలేదు. చివరికి రత్నమాలే, ఆఫీసు మూల గేములు చూసుకోడానికి పెట్టిన టీవీ ముందు, మధ్యాహ్నం టిఫిన్ బాక్సు కడుక్కొచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. కుడిచెయ్యి కొంగుకింద దాచుకునేది. మీటలూ బటన్లూ ఉన్న కంట్రోలర్‌ని ఎడమచేత్తో పట్టుకునేది. మొదట్లో ఆమె బొమ్మ గోడని గుద్దుకుంటూ ఉండిపోయేది. బొటనవేలు వాచింది. మానస వచ్చి, "మేడం, మీకు గేముల పిచ్చి పట్టిందని అందరూ అనుకుంటున్నారు" అంది.

"పట్టనీ. నిద్రైనా రాదు."

ఆడేకొద్దీ ఆమెకి తెలిసొచ్చిన సంగతులు వేరు. కొన్నిట్లో మధ్యలో ఆపి పొయ్యి కట్టేసి రావడానికి వీల్లేదు. కొన్నిట్లో అక్షరాలు ఆవగింజలంత ఉంటాయి. ఒకదాంట్లో మంటలు ఎంత గబగబా వెలిగి ఆరాయంటే ఆమెకి తల తిరిగి టాయిలెట్‌కి పరిగెత్తాల్సి వచ్చింది. ఆ గేమ్‌కి ఆమె రాసిన వాక్యం, 'కళ్లు తిప్పుకోలేరు'.

చివరికి ఒక్క చేత్తో ఆడగలిగే ఆట, అదీ ఉచితంగా దొరికేది, ఒకటి దొరికింది. చెరువు గట్టున కూర్చుని గాలం వేసి చేపలు పట్టడం. ఆమెకి కాస్త నచ్చింది కూడా. రాజనర్సయ్యకి చెప్పింది. ఆయన కూతురు యశస్విని దాన్ని దించుకుని పెట్టింది.

వారం తిరక్కుండానే ఆయన ఫోన్.

"మేడం, ఏమనుకోకుండ్రి. గీ చేపల ఆట మస్తు బోర్ కొడ్తుంది."

"అదేంటండీ, ఒక్క చేత్తో వస్తోంది కదా?"

"వస్తది. గాలం ఏసి కూసోవాలె. చేప వచ్చేదాంక కూసోవాలె. నేను రోజంత కూసునేటోణ్నే గద మేడం."

రత్నమాలకి నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. చెయ్యి పడిపోయినవాడికి ఏదో ఒకటి చాలనుకుంది తను. ఆయనకి కావాల్సింది కోట.

"గా కోట ఆటనే కొంచెం కొంచెం ఆడుతున్న. మొదటి దర్వాజ కాడికి పోయిన. ఆడ ఇంగ్లిష్‌ల ఏందో రాసుంది. మా బిడ్డ డ్యూటీకి పోయి నేను పండుకున్నంక వస్తది, నాకు గా ఇంగ్లిష్ సదువొస్తలేదు. జర వచ్చి సెప్తరా? బల్కంపేట ఎంత దూరం మీకు?"

వెళ్లాల్సిన పనేమీ లేదు. ఫోన్లో ఫొటో పంపమంటే సరిపోయేది. కానీ ఒక్క చేత్తో కోట దర్వాజాదాకా ఎలా వెళ్లాడా అని ఆమెకి అనుమానం. తన బొటనవేలి అనుభవం ఆమెకి ఉంది మరి.

శనివారం సాయంత్రం అమీర్‌పేట మెట్రోలో దిగి నడిచింది. ఎల్లమ్మ గుడి వెనక సందుల్లో ఇల్లు కనుక్కునేసరికి చెమటతో జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది. యశస్విని గుమ్మంలోనే ఎదురొచ్చి, "రాండ్రి ఆంటీ, మా నాన్న పొద్దటి సంది అడుగుతుండు" అని లోపలికి తీసుకెళ్లింది.

ఒకటే గది, వెనక వంటకి కొంచెం చోటు. మంచం మీద రాజనర్సయ్య గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పక్కన, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా, ఆయన భార్య రుద్రమ్మ. ఆవిడ అమీర్‌పేటలో ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. అప్పుడే వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్లు ఇంకా ఎత్తి దోపుకునే ఉన్నాయి, చేతుల మీద పసుపు మరకలున్నాయి. ఇద్దరి మధ్యా ఒకే కంట్రోలర్. ఎడమవైపు ఆయన ఎడమచెయ్యి, కుడివైపు ఆవిడ కుడిచెయ్యి.

"ఎగురు! ఎగురంటున్న గద!"

"ఎగిరిన! నువ్వే ముంగటికి పోలే!"

టీవీలో కథానాయకుడు కందకంలో పడి చచ్చాడు. రుద్రమ్మ కంట్రోలర్ ఆయన ఒళ్లోకి నెట్టి రత్నమాలకేసి తిరిగింది.

"సూసిండ్రా అమ్మ? దినమంత వందమందికి వండి వస్త. వచ్చి కూసుంటే గీ ఎగురుడు. పాణం తీస్తుండు."

"నువ్వే గద నిన్న ఇంకోసారి అన్నది?" అన్నాడు రాజనర్సయ్య.

"అన్న. సచ్చినోడు ఆ కందకంలనే పడ్తుంటే మనసూకుంటదా?"

యశస్విని స్టీలు గ్లాసులో చాయ్ తెచ్చింది. వాళ్లిద్దరూ ఇంకోసారి ఆడి దర్వాజా దగ్గరికి చేరాక, రత్నమాల కుర్చీలో కూర్చుని, దాని మీద ఇంగ్లిష్‌లో ఉన్నది చదివి తెలుగులో చెప్పింది. ముందు మెట్ల పక్కనున్న దీపం వెలిగించాలి, అప్పుడే తలుపు తెరుచుకుంటుంది. అంతే. ఆ ఒక్క వాక్యం తెలీక ఇద్దరూ ఇన్నాళ్లూ తలుపుని కత్తితో బాదుతున్నారు.

"గంతేనా?" అన్నాడు రాజనర్సయ్య. "దీపం అంటిస్తే అయిపోతుండె!"

ఈ గేమ్‌కి తను రాసిన వర్ణనలో దీపం లేదు, తలుపు లేదు, ఇంగ్లిష్ వస్తే తప్ప లోపలికి వెళ్లలేరన్న ముక్కా లేదు. రత్నమాల చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"నేను రాసింది చదివి మీరు మోసపోయారండీ. ఇబ్బంది పెట్టాను."

ఆయన ఎడమచెయ్యి అడ్డంగా ఊపాడు.

"మీరేం చేస్తరు మేడం. నేను సుత రాసినోణ్నే. ఫ్లెక్సీలు రాకముందు అమీర్‌పేటల గోడల మీద, బోర్డుల మీద రాసేటోణ్ని. గా కోచింగుల బోర్డులు ఎన్ని రాసిన్నో లెక్కలేదు. కోర్సు అయిపోంగనే నౌకరీ, గ్యారంటీ అని ఎర్ర రంగుల రాయమనేటోళ్లు. రాసేటోణ్ని. ఓసారి ఒక పోరడు నిచ్చెన కింద నిలవడి, అన్నా గిది నిజమేనా అనడిగిండు. నాకేమెర్క, నేను రాసేటోణ్ని అన్న."

"తర్వాత?"

"తర్వాత ఏమున్నది. గా పోరడు లోపటికి పోయిండు. నేను రంగు డబ్బ పట్టుకొని ఇంకో బోర్డు కాడికి పోయిన."

రుద్రమ్మ లేచి వంట చోటులోకి వెళ్లింది. రాజనర్సయ్య కంట్రోలర్ మీద బొటనవేలు ఆడిస్తూ ఉండిపోయాడు. రత్నమాలకి ఎదురుగా ఉన్న మనిషి మీద జాలి కలగలేదు, తన మీద కోపమూ రాలేదు. ఒకే బరువు మోసినవాళ్లు బస్టాపులో పక్కపక్కన నిలబడితే ఎలా ఉంటుందో అలా ఉంది.

ఇంటికెళ్లాక జోగారావుకి చెప్పింది. ఆయన బీరకాయ తొక్క తీస్తూ విన్నాడు.

"మా గోడౌన్లో మందు అట్టలమీద అన్నీ రాసుంటాయి. ఎవరు వాడకూడదో కూడా రాస్తారు. చీమంత అక్షరాల్లో" అన్నాడు.

"మేం చీమంత కూడా రాయంగా."

"రాయి మరి" అన్నాడు. అన్నాక ఆవులించాడు.

సోమవారం ఆమె అభిలాష్‌ని అడిగింది. ప్రతి గేమ్ వర్ణన కింద ఐదు మామూలు వాక్యాలు ఉండాలని. ఆడటానికి ఎన్ని చేతులు కావాలి, లోపల ఏ భాష, అక్షరాలు ఎంత, ఇంటర్నెట్ లేకపోతే నడుస్తుందా, మధ్యలో ఆపొచ్చా. పైన ఊహ అలాగే ఉండనివ్వండి, దాని జోలికి రాను అంది.

"మేడం, ఇవన్నీ చదివితే ఎవరు కొంటారు?"

"ఆడగలిగినవాళ్లు కొంటారు."

అతను పెన్ను మూత తీసి పెట్టి తీసి పెట్టి, చివరికి ఒప్పుకున్నాడు, సగం. పేజీ అడుగున, 'ఇంకా చదవండి' అన్నది నొక్కితే కనబడేట్టు పెట్టుకోవచ్చు. కొత్త గేములకి మాత్రమే. పాతవాటికి రాయాలంటే రోజువారీ పని అయ్యాక రాసుకోవాలి. వజ్రదుర్గం పేజీలో 'ఒంటిచేత్తో' మాత్రం ఆ పూటే తీయించాడు. దాని బదులు 'ఒంటరిగా' అని పెట్టారు.

అలా ఆమె పని పెరిగింది. ఎవరూ మెచ్చుకోలేదు. కుర్రాళ్లు తమాషాకి, "మేడం, ఈ గేమ్ ఆడాలంటే రెండు కళ్లు కావాలని రాశారా?" అనేవాళ్లు. ఆమె నవ్వేసి ఊరుకునేది. కొన్ని నెలలు గడిచాక అభిలాష్ పిలిచి, వాపసులు తగ్గాయనీ, అమ్మకాలు కూడా ఒక పిసరు తగ్గాయనీ చెప్పాడు. ఏది ఎందుకు తగ్గిందో పై వాళ్లకి తెలియడంలేదట. తెలిసేదాకా ఇలాగే ఉండనిద్దాం అన్నాడు. ఆమెకి అది గెలుపో ఓటమో అర్థంకాలేదు. ఆలోచించే ఓపికా లేదు. పాతవి ఇంకా చాలా మిగిలున్నాయి.

రాజనర్సయ్య అప్పుడప్పుడూ ఫోన్ చేసేవాడు. దీపం వెలిగించారు, తలుపు తెరుచుకుంది, లోపల ఇంకో కందకం ఉంది. కోట గెలిచేదాకా వస్తామన్న నమ్మకం ఆయనకి లేదు. రుద్రమ్మకి హాస్టల్లో పని ఎక్కువైతే ఆట ఉండేది కాదు. ఆవిడ చేతులు నొప్పులంటే వారాలకి వారాలు ఆ బాక్సు మీద దుమ్ము పడేది. "ఎప్పుడన్న ఆమెకు మనసైతే ఆడ్తం మేడం. ఫికర్ ఏం లేదు" అనేవాడు.

ఒక సాయంత్రం రత్నమాల కంప్యూటర్ కట్టేసి, బ్యాగు భుజాన వేసుకుని లేవబోతుంటే మానస ఫోన్ చేత్తో మూసి పిలిచింది.

"మేడం, ఎవరో కమలకుమారి గారట. ఆ కింద నొక్కితే వచ్చేది చదివారట. ఒక గేమ్‌కి అక్షరాలు చిన్నవి అని రాశారు కదా, ఎంత చిన్నవి అని అడుగుతున్నారు."

రత్నమాల గోడ గడియారంకేసి చూసింది. కింద రోడ్డు మీద హారన్లు అప్పటికే మొదలయ్యాయి. ఇప్పుడు వెళ్లకపోతే మెట్రోలో నిలబడటానికి కూడా చోటుండదు. ఆమె బ్యాగు బల్ల మీద పెట్టి ఫోన్ తీసుకుంది.

"చెప్పండమ్మా. ఎవరు ఆడతారు, మీరేనా?"

"నేనేనండీ. రిటైరయ్యాను. పొద్దుపోవడంలేదు. షుగరు వల్ల చూపు కొంచెం మందగించింది."

"టీవీలో సీరియల్ అయ్యాక పేర్లు పడతాయి చూడండి, అవి చదవగలరా?"

"కళ్లజోడు పెట్టుకుని దగ్గరికెళ్తే చదవగలను."

"అయితే ఇది వద్దమ్మా, కొనకండి" అంది రత్నమాల. అవతలి గదిలో అభిలాష్ తలెత్తి చూడటం ఆమెకి కనబడింది. కుర్చీ లాక్కుని మళ్లీ కూర్చుని, కంప్యూటర్ ఆన్ చేసింది. "ఇంకోటి చూసి చెప్తాను. కంప్యూటర్ తెరుచుకోడానికి కొంచెం టైమ్ పడుతుంది. లైన్లోనే ఉండండి."